రెండు బై అయిదు

ఈ రోజు ఆరో తరగతిలో ఒక పిల్లవాణ్ణి అందరి ముందూ కసిరాను. పొద్దున అరగంట ధ్యానంలో నేను చదివింది చిన్నపిల్లల్ని తన దగ్గరికి రానివ్వమని క్రీస్తు శిష్యుల్ని మందలించే ఘట్టం. ధ్యానానికీ రెండో పీరియడ్‌కీ మధ్య నాలుగు గంటలు కూడా లేవు.

కతోలిక గురువు, అంటే ఫాదర్, కావాలంటే కనీసం ఆరేళ్ల చదువు, రెండేళ్లు తత్వశాస్త్రం, నాలుగేళ్లు దైవశాస్త్రం. మాలాంటి మఠసభల్లో ఆ రెంటి మధ్యా కొంతకాలం బడిలో పాఠాలు చెప్పడానికి పంపుతారు. దాన్ని రీజెన్సీ అంటారు. పేరు వింటే రాజ్యం ఏలుతున్నట్టు ఉంటుంది గానీ, చేసేది పరీక్ష పేపర్లు దిద్దడం, ఆటల పీరియడ్‌లో విజిల్ ఊదడం. నాకిది రెండో ఏడు.

సంగతి ఇది. బోర్డు మీద 1/2 + 1/3 రాశాను. వాడు లేచి 2/5 అన్నాడు. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వస్తుందిరా అని అడిగాను. ఆలోచించి మళ్లీ 2/5 అన్నాడు. మూడోసారి కూడా అదే అనేసరికి, "బుర్ర ఇంట్లో పెట్టి వచ్చావా?" అనేశాను. క్లాసంతా నవ్వింది. నిజం చెప్పాలంటే ఆ నవ్వు నాకు ఒక్క క్షణం బాగానే అనిపించింది. రాయకుండా దాటేద్దామనుకున్నది ఈ ఒక్క వాక్యమే.

మధ్యాహ్నం నోట్సులు దిద్దుతుంటే వాడిది చేతికొచ్చింది. పేజీ చివర పెన్సిలుతో చిన్న లెక్క ఉంది. రెండు ఆటల్లో ఒకటి గెలిచాం, తర్వాత మూడు ఆటల్లో ఒకటి గెలిచాం, మొత్తం అయిదింటిలో రెండు. అంటే 2/5. లెక్క సరిగ్గానే ఉంది! కాకపోతే అది నేను అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. ఒకే వస్తువులో సగం, మూడో వంతు కలపడం వేరు, రెండు వేర్వేరు గుంపుల్ని కలిపి లెక్కపెట్టడం వేరు. "ఎలా వచ్చిందిరా?" అని ఒక్కసారి అడిగి ఉంటే క్లాసు మొత్తానికి మంచి పాఠం అయ్యేది.

గురువుల శిక్షణ గురించి రెండో జాన్ పాల్ పోపుగారు 1992లో రాసిన లేఖలో మానవీయ, ఆధ్యాత్మిక, మేధో, కాపరి శిక్షణలని నాలుగు చెప్పారు. వాటిలో మానవీయ శిక్షణే మిగతా వాటికి పునాది అన్నారు. దాని మీద నేను నాలుగు పేజీల వ్యాసం రాశాను, మంచి మార్కులే వచ్చాయి.

సాయంత్రం ఆధ్యాత్మిక దర్శకులైన ఫాదర్ గారి దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆయన దగ్గర భయం ఉండదు. ఒక గురువిద్యార్థిని గురుపట్టాభిషేకానికి అనుమతించాలా, ఇంటికి పంపాలా అని తేల్చేటప్పుడు ఆధ్యాత్మిక దర్శకుల్నీ, పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) విన్న గురువుల్నీ అభిప్రాయం అడగనే కూడదని 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలో ఉంది. ఎంత ముందుచూపుతో పెట్టారో అనుకుంటాను. నేనేం చెప్పినా నా రిపోర్టులోకి వెళ్లదు.

అందుకేనేమో, అంతా విని ఆయన అన్నది ఒక్కటే. "నాకు చెప్పడం సులువే బ్రదర్. సుపీరియర్ ఫాదర్ గారికి కూడా మీరే చెప్పండి." సుపీరియర్ అంటే మా మఠం పెద్ద. అక్కణ్నుంచి నాకు టెన్షన్.

లాటిన్ రాక చదువులో నానా అవస్థలూ పడి, చివరికి 1815లో గురుపట్టం పొందిన జాన్ వియాన్నీ గారి కథ మాకు మొదటి ఏడాదే చెబుతారు. విచారణ గురువులకు, అంటే ఒక్కో ప్రాంతపు చర్చి బాధ్యత చూసే ఫాదర్లకు, పాలక పునీతుడాయన. ఆ కథ విన్నప్పుడల్లా నన్ను నేను ఆయన స్థానంలో ఊహించుకునేవాణ్ణి. ఈ రోజు మాత్రం అలాంటి విద్యార్థికి పాఠం చెప్పలేక విసుక్కునే మాస్టారి స్థానంలో కనిపించాను.

మన భాషలో బడిలో చెప్పేవాడూ గురువే, పీఠం దగ్గర పూజ చేసేవాడూ గురువే. నేను రెండోదాని కోసం చదువుతున్నాను, మొదటిది మధ్యలో వచ్చిన మజిలీ అనుకుంటూ వచ్చాను. రేపు గురువునయ్యాక పాపసంకీర్తనపు గదిలో కూర్చున్నప్పుడు ఎవరైనా మూడోసారీ అదే తప్పు చెబితే నా నోటి నుంచి ఏం వస్తుంది?

రాత్రి ప్రార్థన అయింది. ఇక పొద్దుటి దాకా మౌనం, పక్క గది బ్రదర్‌తో కూడా మాటల్లేవు. సుపీరియర్ ఫాదర్ గారి గదిలో లైటు వెలుగుతూనే ఉంది, కానీ ఈ వేళప్పుడు తలుపు తట్టకూడదు. మౌనం ఇంత సౌకర్యంగా ఎప్పుడూ అనిపించలేదు.

రేపు కూడా రెండో పీరియడ్ నాదే. బోర్డు మీద ముందు వాడి ఆటల లెక్క రాస్తాను. సారీ మాత్రం వరండాలో పక్కకు పిలిచి చెబుదామనుకున్నాను. కానీ కసిరింది అందరి ముందు కదా.