పందొమ్మిదో ఓవర్

ఈరోజు పక్క క్లబ్ వాళ్లతో మా ఫ్రెండ్లీ మ్యాచ్ జరిగింది. మూడు పరుగుల తేడాతో ఓడిపోయాం. రాత్రి చాలా పొద్దుపోయింది కానీ నిద్ర పట్టడం లేదు. చివర్లో అంపైర్‌గా నిలబడ్డ ఆ కాసేపే కళ్ల ముందు తిరుగుతోంది.

టాస్ వాళ్లు గెలిచి బ్యాటింగ్ తీసుకున్నారు. ఇరవై ఓవర్లలో ఆరు వికెట్లకు 131 కొట్టారు. మా బౌలింగ్ గురించి పెద్దగా రాయడానికేం లేదు, ఉన్నంతలో బాగానే వేశాం. తర్వాత నేను అయిదో నంబర్లో దిగి, పదకొండు కొట్టి మిడాఫ్‌కి క్యాచ్ ఇచ్చి వచ్చేశాను. ప్యాడ్లు విప్పుతుండగానే కెప్టెన్ వచ్చి, "అన్నా, నువ్వెళ్లి అంపైర్‌గా నిలబడు. ఇప్పుడున్నవాడు వచ్చి ప్యాడ్లు కట్టుకోవాలి" అన్నాడు.

మా మ్యాచ్‌లలో అంపైర్లు బ్యాటింగ్ చేసే టీమ్ నుంచే వెళ్తారు. అవుటై వచ్చినవాడో, ఆఖర్లో దిగాల్సినవాడో టోపీ పెట్టుకుని నిలబడతాడు. అంటే మనవాడు అవుటో కాదో మనమే తేల్చాలి. పెద్ద క్రికెట్‌లో కూడా ఈ ఇబ్బంది చాలా కాలం ఉంది. సొంత దేశం అంపైర్ల మీద నిందలు పడీ పడీ, చివరికి 1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకి భారత్ నుంచి వీకే రామస్వామి, పీలూ రిపోర్టర్ వెళ్లి నిలబడ్డారు. బయటివాళ్లు కావాలని పట్టుబట్టింది పాకిస్తాన్ కెప్టెన్ ఇమ్రాన్ ఖానే. టెస్టుల్లో ఇద్దరు అంపైర్లూ తటస్థ దేశాల వాళ్లే ఉండాలన్న పద్ధతి మాత్రం 2002లో గానీ రాలేదు. మాకు తటస్థులు ఎక్కడి నుంచి వస్తారు? బంతులు లెక్కపెట్టుకోవడానికి జేబులో ఆరు గులకరాళ్లు వేసుకుని నేనే వెళ్లాను.

నిజం చెప్పాలంటే నాకు ఈ పద్ధతే ఇష్టం. రీప్లే ఉండదు, థర్డ్ అంపైర్ ఉండడు. అవతలి టీమ్ పదకొండు మందీ మన మాట నమ్మి ఆడతారు. ఆ నమ్మకం ఎంత పెద్దదో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. పదహారో ఓవర్‌కి ముందే, వికెట్లకు తగలాల్సిన బంతి కాలికి అడ్డం పడిందంటూ ఒక ఎల్బీ అప్పీల్ వచ్చింది. బంతి లెగ్ స్టంప్ బయట పడింది, అక్కడ పడితే ఎల్బీ ఇవ్వడానికి వీల్లేదు. నేను తల అడ్డంగా ఊపాను. బౌలర్ నా వైపు చూస్తే బంతి ఎక్కడ పడిందో చేత్తో చూపించాను. "సరే సార్" అని బంతి తుడుచుకుంటూ వెనక్కి వెళ్లిపోయాడు. మాకు అనుకూలమైన నిర్ణయమే అయినా ఒక్క మాట అనలేదు.

చివరి రెండు ఓవర్లలో 17 కావాలి. క్రీజులో మా సీనియర్ ఉన్నాడు. నేను క్లబ్‌లో చేరిన కొత్తలో నాకు ఫ్రంట్ ఫుట్ మీద ఆడటం నేర్పింది ఆయనే. మొదటి బంతికి సింగిల్ వచ్చి ఆయన స్ట్రైక్‌లోకి వచ్చాడు. రెండో బంతిని లాంగాన్ మీదుగా లేపాడు. అక్కడి కుర్రాడు వెనక్కి వెళ్తూ వెళ్తూ తల మీద పట్టేశాడు. వాళ్లంతా ఎగిరి గంతేశారు. నేనున్న చోటు నుంచి బౌండరీ తాడు సరిగ్గా కనిపించనే లేదు. అతను మాత్రం బంతి చేతిలోనే పెట్టుకుని, రెండు చేతులూ పైకెత్తి సిక్స్ అని చూపించాడు. మడమ తాడుకి తగిలిందట. అడిగినవాళ్లు లేరు, చూసినవాళ్లు లేరు. ఆ కుర్రాడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఈ మ్యాచ్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన ఆట అదే.

పది బంతుల్లో పది కావాలి. మా సీనియర్ 48 మీద ఉన్నాడు.

మూడో బంతి ఆఫ్ స్టంప్ బయట పడి కాస్త లోపలికి వచ్చింది. ఆయన కట్ చేయబోయాడు. టక్ మని చిన్న చప్పుడు. కీపర్ పట్టుకుని గట్టిగా అప్పీల్ చేశాడు, స్లిప్‌లో ఉన్నతను చేతులెత్తాడు. నాకు గుండె దడదడలాడింది. బ్యాట్ ప్యాడ్‌కి దూరంగా ఉంది, నేలకీ తగల్లేదు. బంతి బ్యాట్ అంచుకి తగిలితే తప్ప ఆ చప్పుడు ఇంక దేని నుంచీ వచ్చే వీల్లేదు. బంతి దారి కూడా వెంట్రుకవాసి మారింది. ఆయన కదలకుండా నా వైపే చూస్తున్నాడు. కదలాల్సిన పని కూడా లేదు, అప్పీల్ అయ్యాక చెప్పాల్సింది అంపైరే. అనుమానం ఉంటే బ్యాట్స్‌మన్‌కి అనుకూలంగా ఇవ్వాలి. నాకు అనుమానం లేదు. వేలెత్తాను.

ఆయన బ్యాట్ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. మా వాళ్ల వైపు నుంచి ఎవరో "అబ్బా!" అన్నారు. తర్వాత వచ్చినవాళ్లు కష్టపడ్డారు కానీ 128 దగ్గర ఆగిపోయాం.

1980లో బొంబాయిలో జరిగిన గోల్డెన్ జూబ్లీ టెస్టు గురించి నాన్న చాలాసార్లు చెప్పేవారు. ఇంగ్లండ్ 58కే అయిదు వికెట్లు పోగొట్టుకుని కష్టాల్లో ఉంది. బాబ్ టేలర్‌ని కీపర్ క్యాచ్ అని అంపైర్ అవుటిచ్చాడు. బంతి బ్యాట్‌కి తగల్లేదని భారత కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ అతన్ని వెనక్కి పిలిచాడు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు. భారత్ పది వికెట్లతో ఓడింది. ఆ మ్యాచ్ గురించి చెప్పేటప్పుడు నాన్న గొంతులో ఓడిపోయామన్న బాధ ఎప్పుడూ వినపడలేదు, గర్వమే వినిపించేది. ఈరోజు లాంగాన్‌లో నిలబడ్డ ఆ కుర్రాడిని చూస్తే ఆ గర్వం నాకూ అర్థమైంది. మ్యాచ్ అయ్యాక వెతుక్కుంటూ వెళ్లి చేయి కలిపాను. "క్లియర్‌గా తగిలిందండీ, చెప్పకపోతే ఎలా" అన్నాడు, అదేం పెద్ద విషయం కానట్టు.

తిరిగి వచ్చేటప్పుడు మా సీనియర్ నా బండి వెనకే కూర్చున్నాడు. కొంతదూరం ఏమీ మాట్లాడలేదు.

"చప్పుడు వినిపించిందా తమ్ముడూ?"

"వినిపించింది అన్నా."

"మరింకేం. కట్ చేసేంత చోటు లేదు ఆ బంతికి, లోపలికొస్తోంది. థర్డ్ మ్యాన్ వైపు ఊరికే నెట్టేస్తే సింగిల్ వచ్చేది."

ఆ బౌలర్ దాన్ని కావాలనే లోపలికి తెచ్చాడా, పిచ్ మీద పగులుకి తగిలి వచ్చిందా అని ఇంటిదాకా వాదించుకున్నాం. నాకైతే పగులే అనిపించింది, ఆయన ఒప్పుకోలేదు. వచ్చే నెల రిటర్న్ మ్యాచ్ వాళ్ల గ్రౌండ్‌లో. ఆ బౌలర్ సీమ్‌ని, అంటే బంతి మీది కుట్టుని, ఎలా పట్టుకుంటున్నాడో ఈసారి దగ్గరగా చూడమన్నాడు.