పాత యాక్సిల్ మీద పెద్ద టైర్లు: మా జిప్సీతో నాలుగు నెలలు

నిన్న సాయంత్రం పాడేరు ఘాట్ దిగి, మాడుగుల, చోడవరం మీదుగా విశాఖపట్నం దాకా మా జిప్సీని స్టీరింగు వణకకుండా నడుపుకొని వచ్చాను. నాలుగు నెలల తర్వాత ఇలా రావడం ఇదే మొదటిసారి కనుక, ఆ ఊరట ఇంకా తాజాగా ఉండగానే జరిగినదంతా రాసిపెడుతున్నాను.

మాది 2011 నాటి మారుతీ జిప్సీ కింగ్, జీపులాంటి బండి, నాన్నగారు కొన్నది. ముందు, వెనక యాక్సిళ్ళు, అంటే చక్రాలను కలిపే ఇరుసులు, రెండూ కంపెనీ నుంచి వచ్చినవే. వాటిని మార్చే ఉద్దేశం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కాఫీ, మిరియాల సీజన్‌లో పాడేరు పైనున్న పల్లెలకు వారానికి రెండుసార్లయినా వెళ్ళవలసిన పని నాది. వానలకు కోసుకుపోయిన ఆ బాటల మీద, వెనక యాక్సిల్‌లో ఉబ్బెత్తుగా ఉండే గేర్ల గుండు, డిఫరెన్షియల్, రాళ్ళకు గీసుకుపోతూ ఉండేది. కమాను కట్టల మీద బాడీని ఎంత లేపినా యాక్సిల్ కింది ఖాళీ వెంట్రుకవాసి కూడా పెరగదు. అది పెరగాలంటే టైరే పెరగాలి. కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. నేను ఎంచుకున్న 235/75 ఆర్15 టైరు ఎత్తు సుమారు 733. ఆ తేడాలో సగం, అంటే దాదాపు 33 మిల్లీమీటర్లు, యాక్సిల్ కింద కలిసివస్తుంది. మా బాటలకు అది చాలు.

టైర్లు తెప్పించడం, కమాను కట్టను చట్రానికి తగిలించే షాకిళ్ళు పొడవైనవి వేసి బండిని అంగుళం లేపడం, స్టీరింగు పూర్తిగా తిప్పినా టైరు ఎక్కడా రాసుకోకుండా చూసుకోవడం, ఇవన్నీ రెండు రోజుల్లో అయిపోయాయి. రిమ్ముల దగ్గర మాత్రం తప్పు చేశాను. అయిదున్నర అంగుళాల పాత రిమ్ము 235 టైరుకు చాలదు కనుక ఏడంగుళాలవి కొనవలసివచ్చింది. చక్రం బయటికి వస్తేనే బండికి అందమని దుకాణదారు పట్టుబట్టితే నేను సరేనన్నాను. చక్రం బయటికి జరిగినకొద్దీ ప్రతి గుంతా స్టీరింగును పొడవైన మీటకర్రతో లాగినట్టే లాగుతుందన్న సంగతి అమ్మేవాళ్ళు చెప్పరు.

మొదటి వారంలోనే ఆ సంగతి జరిగింది. చోడవరం దాటాక ఒక చిన్న వంతెన అతుకు మీద, మీటరు 60 చూపిస్తుండగా, ముందు చక్రాలు రెండూ ఎడమకూ కుడికీ కొట్టుకోవడం మొదలుపెట్టాయి. స్టీరింగు నా చేతుల్లోంచి లాక్కుంటున్నట్టు ఊగింది, డాష్‌బోర్డు మొత్తం గజగజలాడింది, పక్కన కూర్చున్న మా అబ్బాయి నా చెయ్యి పట్టుకున్నాడు. వెనక లారీ ఉంది. బ్రేకు గట్టిగా తొక్కకుండా యాక్సిలరేటరు వదిలి, వేగం ముప్ఫైకి పడేదాకా పట్టుకొని, రోడ్డు పక్కకు తీసి ఆపాను. పెద్ద టైర్లతో మీటరు దాదాపు పది శాతం తక్కువ చూపిస్తుంది కనుక, 60 అంటే నిజానికి 66 అని తర్వాత లెక్క వేసుకున్నాను.

అక్కడి నుంచి మూడు నెలలు నేను తిరగని అలైన్‌మెంట్ దుకాణం లేదు. ఒకచోట బ్యాలెన్సింగ్ మళ్ళీ చేశారు. ఇంకొకచోట స్టీరింగ్ డ్యాంపర్, అంటే స్టీరింగు కుదుపును పీల్చుకునే గొట్టం, అంటగట్టారు. దానితో వణుకు పది రోజులు తగ్గింది, తర్వాత రెట్టింపయింది. ఆ డ్యాంపర్ లోపలి జబ్బును కప్పిపెట్టే మందు మాత్రమేనని, దానికోసం ఎవరూ డబ్బు ఖర్చుపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. మూడో దుకాణం నగరంలో పేరున్నది, అద్దాల గది, కంప్యూటరు తెర, అన్నీ ఉన్నది. అక్కడ నా చేతికిచ్చిన బిల్లులో కాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) సర్దుబాటుకు ఒక మొత్తం, కాస్టర్ (చక్రం తిరిగే కీలు వెనక్కు వాలే కోణం) సర్దుబాటుకు ఇంకో మొత్తం వేశారు. జిప్సీ ముందు యాక్సిల్ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకటే హౌసింగ్. అందులో రెండు చక్రాలను కలిపే టై రాడ్‌తో టో, అంటే ఆ చక్రాలు ఒకదాని వైపు ఒకటి ఎంత తిరిగి ఉన్నాయన్నది, సర్దడం తప్ప, కాంబర్ తిప్పడానికి మరనే లేదు. కాస్టర్ మార్చాలంటే కమాను కట్టకూ యాక్సిల్‌కూ మధ్య వాలు పలకలు పెట్టాలి, అవి వాళ్ళు పెట్టలేదు. ఆ మాటే మర్యాదగా అడిగాను. దాని యజమాని పది మంది వింటుండగా, మా అబ్బాయి ముందే, "తుక్కుకు వెయ్యవలసిన బండికి ఇంతేసి టైర్లు తగిలించుకొని వచ్చి, మా మిషన్‌కు వంకలు పెడతారేమిటండీ? నడపడం చేతకాకపోతే అమ్మెయ్యండి" అన్నాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఘాట్‌లో బండి నడుపుతున్నవాణ్ణి. వానలో, మంచులో, రాత్రిపూట నడిపాను, ఒక్కనాడూ ఎవరికీ గీత పడనివ్వలేదు. అయినా ఆ రోజు నోరు పెగలలేదు, బిల్లు కట్టి వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దారి చూపించినది గాజువాక వైపు రేకుల షెడ్డులో పనిచేసే ఒక పెద్ద మేస్త్రీ గారు. ఆయన టైర్ల వంక చూడనైనా చూడలేదు. "బాబూ, మీ నాన్నగారి కాలం నుంచీ దీని ముందు చక్రాలు ఎప్పుడైనా పూర్తిగా విప్పించారా?" అని అడిగారు. లేదన్నాను. జాకీ పెట్టి ముందు చక్రం లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపారు. టకటకమని చప్పుడు వచ్చింది. "ఇప్పుడు బ్రేకు తొక్కి పట్టుకోండి" అన్నారు. బ్రేకు తొక్కితే చక్రం బేరింగులోని వదులు కనిపించకుండా పోవాలి. నేను తొక్కి పట్టుకున్నాను, ఆయన ఊపారు, అదే చప్పుడు. "అయితే కింగ్‌పిన్" అన్నారు. స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రం ఏ కీలు మీద తిరుగుతుందో అదే కింగ్‌పిన్. ఈ పరీక్షకు కంప్యూటరు అక్కరలేదు, రెండు నిమిషాలు చాలు. మూడు దుకాణాల్లో ఒక్కరు కూడా చెయ్యలేదు.

మర్నాడు ఆ కీలు మీద తిరిగే నకిల్ అనే భాగం విప్పితే కింద బేరింగులోంచి గ్రీజుకు బదులు తుప్పురంగు ముద్ద వచ్చింది. ఆ బేరింగును కిరసనాయిలులో కడిగి, దాని బయటి వలయాన్ని నా అరచేతిలో పెట్టారు. లోపల గోరుతో రాస్తే, రోలర్లు ఇన్నేళ్ళు ఒకేచోట కూర్చున్న ఆనవాళ్ళు వరసగా గుంటలై తగిలాయి. పాత చిన్న టైర్లతో ఆ వదులు బయటపడలేదు. బరువైన టైర్లు, బయటికి జరిగిన రిమ్ములు, షాకిళ్ళ వల్ల తగ్గిన కాస్టర్, మూడూ కలిసి దాన్ని బయటికి లాగాయి. రెండు వైపులా నాలుగు కింగ్‌పిన్ బేరింగులు, సీళ్ళు మార్చారు. టై రాడ్ ఊడదీసి, నకిల్ చివర కొక్కెం త్రాసు తగిలించి లాగుతూ, పలచటి రేకు బిళ్ళలు, షిమ్ములు, ఒక్కొక్కటే తీస్తూ పెడుతూ బిగువు సరిచూశారు. కమాను కట్టల కింద వాలు పలకలు పెట్టి కాస్టర్ సరిచేశారు. టో మాత్రం టేపుతోనే కొలిచారు. రిమ్ములు నేనే మార్చుకున్నాను, ఈసారి చక్రం లోపలికి ఉండేవి.

కంపెనీ యాక్సిల్‌తో పెద్ద టైర్లు వెయ్యదలచినవాళ్ళు టైర్లకు బయానా ఇచ్చే ముందే ఈ బేరింగులు చూపించుకోండి. బండి ఫోర్ వీల్ 'లో' గేరులో, అంటే నాలుగు చక్రాలనూ నెమ్మదిగా, బలంగా తిప్పే గేరులో, ఉన్నప్పుడు స్టీరింగు పూర్తిగా తిప్పి యాక్సిలరేటరు తొక్కకండి, ముందు చక్రానికి శక్తినందించే సీవీ జాయింటు తెగవచ్చు. ఇరుక్కుంటే చక్రాలు తిన్నగా చేసుకొని వెనక్కు రండి. 1.3 లీటర్ల ఇంజనుకు ఈ టైర్లు బరువే. ఇదివరకు మూడో గేరులో ఎక్కిన ఘాట్ మలుపులకు ఇప్పుడు రెండో గేరు కావాలి. ఆ మాత్రం నేను ఒప్పుకున్నాను.

నిన్న అదే వంతెన అతుకు మీద, మీటరు 65 చూపిస్తుండగా దాటాను. అబ్బాయి నా వైపు చూశాడు, చెయ్యి పట్టుకోలేదు. అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక, యాక్సిల్‌ను కమాను కట్టకు పట్టి ఉంచే యూ బోల్టులు మళ్ళీ బిగించాలని మేస్త్రీ గారు చెప్పారు. ఆదివారం ఇద్దరం షెడ్డుకు వెళుతున్నాం.