డ్రేపర్ పోగేసిన కాగితాలు

అమెరికాలో జనం పడమటికి కొత్త నేలల్లోకి వలసవెళ్లిన రోజుల సరిహద్దు జీవితం గురించి చదువుతూ లైమన్ డ్రేపర్ దగ్గర ఆగిపోయాను. ఊరూరా తిరిగి, ముసలివాళ్లను కూర్చోబెట్టి అడిగి, ఉత్తరాలు, డైరీలు పోగేసి దాదాపు 500 సంపుటాలు మిగిల్చాడాయన. ఇప్పుడవి మాడిసన్‌లో, విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. 1851లో, ఆ సరిహద్దు కాలంలో కెంటకీకి దారి వేసి పేరుపొందిన డేనియల్ బూన్ కొడుకు నేథన్‌నీ, కోడలు ఆలివ్‌నీ కలిశాడు. 1799లో కొత్తగా పెళ్లయిన ఆ ఇద్దరూ మిస్సోరీ నది దాటుతుంటే నేథన్ తెడ్డు వేశాడట, ఆవిడేమో పడవ దారి చూసుకుంటూనే నీళ్లలో ఈదుతున్న గుర్రం కళ్లెం పట్టుకుందట. అప్పటికి ఆవిడకి పదహారేళ్లు! యుద్ధాలూ ఒప్పందాలూ ఎక్కడైనా దొరుకుతాయి, ఈ కళ్లెం సంగతి మాత్రం ఆయన అడగబట్టే మనకి దక్కింది. బూన్ జీవితచరిత్ర రాయాలనుకుని మొదలుపెట్టాడు గానీ, అది పూర్తికాకుండానే 1891లో పోయాడు.