ఓక్ ఫ్లోర్‌కి హార్డ్ వాక్స్ ఆయిల్: పట్టించడం, కాపాడుకోవడం (నా అనుభవం)

అమెరికాలో మనవాళ్లు కొనుక్కునే పాత ఇళ్లలో చాలాచోట్ల కింద ఓక్ చెక్క, దాని మీద పాలీయురేథేన్ పూత (ప్లాస్టిక్ పొరలా పైనే నిలిచేది) ఉంటాయి. మేం ఆ పూత మొత్తం గీకేసి హార్డ్ వాక్స్ ఆయిల్, అంటే చెక్కలోకి ఇంకే మైనం కలిపిన నూనె, వేశాం. వాడింది ఆస్మో పాలిక్స్ అనే బ్రాండు. ఇందులో పొద్దుతిరుగుడు, సోయా లాంటి నూనెలు, కార్నౌబా, కాండెలిల్లా మైనాలు ఉంటాయి. సహజం అన్నారు కదా అని కిటికీలు మూసి పని చేయకండి, దీంట్లో సాల్వెంట్ (నూనెని పల్చన చేసే ద్రావకం) కూడా ఉంది. ఆరేదాకా వాసన గట్టిగానే వస్తుంది.

పాత పూత ఎక్కడా మిగలకూడదు, మిగిలినచోట నూనె ఇంకదు. శాండింగ్ 40 గ్రిట్ గరుకు కాగితంతో (అంకె పెరిగేకొద్దీ కాగితం నున్నన) మొదలుపెట్టి 60, 80 మీదుగా 120 దగ్గర ఆపేశాం. నున్నగా రావాలని 150 దాటిస్తే చెక్క రంధ్రాలు మూసుకుపోయి నూనె పైనే తేలుతుంది. గోడల వెంబడి ఎడ్జర్ మెషీన్ (అంచులు గీకే యంత్రం) వదిలిన గుండ్రటి గీతలు పొడి చెక్క మీద కనిపించవు, నూనె పడ్డాక మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అందుకే నూనె వేసే ముందే వైట్ స్పిరిట్‌తో (అమెరికాలో మినరల్ స్పిరిట్స్ అంటారు) తడిపిన గుడ్డతో అంచులు ఒకసారి తుడిచి, టార్చి నేలకి ఆనించి వెలుగు వేసి చూడాలి. గీతలుంటే చిన్న ఆర్బిటల్ సాండర్‌కి అదే 120 పేపర్ బిగించి పోగొట్టుకోవాలి.

లెక్క ఇలా వేసుకోండి. లీటరు సుమారు 24 చదరపు మీటర్లకి, అంటే దాదాపు 260 చదరపు అడుగులకి, ఒక కోటు వస్తుంది. 300 చదరపు అడుగుల గదికి రెండు కోట్లంటే రెండున్నర లీటర్ల డబ్బా సరిపోతుంది. డబ్బా తెరిచాక అడుగు నుంచి బాగా కలపాలి. మెరుపు తగ్గించే పొడి అడుగున పేరుకుంటుంది, కలపకుండా వాడితే సగం గది నిగనిగలాడుతూ, సగం మెరుపు లేకుండా ఉంటుంది.

ఇక అసలు పని. తలకి నూనె పెట్టినట్టే, ఇక్కడ పోయడం తక్కువ, రుద్దడం ఎక్కువ. రెండు మూడు పలకలు చొప్పున, చెక్క చారల వెంట, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆపకుండా కుంచెతో లాగాలి. మధ్యలో ఆపితే అతుకు తెలిసిపోతుంది. కాసేపయ్యాక పక్కవాటంగా చూస్తే తడిగా మెరిసే మచ్చలు కనిపిస్తాయి, అవన్నీ మిగులు నూనె. తెల్ల ప్యాడ్‌తో రుద్ది తీసేయాలి. ఈ పూత చెడిపోయిందని వినే కథల్లో సగానికి పైగా ఇక్కడే పుడతాయి. ఎక్కువైన నూనె రోజుల తరబడి జిగటగానే ఉండి, నడిచే పాదాల మట్టినంతా పట్టేసుకుంటుంది. రెండు రోజులైనా జిగట పోకపోతే ప్యాడ్‌ని వైట్ స్పిరిట్‌తో కొంచెం తడిపి రుద్ది, పొడిగుడ్డతో తుడిచేయడమే మందు. పైన ఇంకో కోటు వేస్తే జబ్బు ముదురుతుంది.

గది 23 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే 8 నుంచి 10 గంటల్లో ఆరుతుంది. చలిలో, తేమలో ఇంకా ఎక్కువ పడుతుంది. రెండో కోటు మొదటిదానికన్నా పల్చగా వేయాలి. మర్నాడు మేజోళ్లతో నడవొచ్చు గానీ రగ్గులు, తడి మాప్ రెండు మూడు వారాల దాకా వద్దు.

నూనె తుడిచిన గుడ్డలు ముద్ద చేసి చెత్తబుట్టలో పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడి బయటికి పోక గుడ్డలు వాటంతటవే నిప్పంటుకోవచ్చు. నీళ్లలో ముంచండి, లేదా బయట ఒక్కొక్కటిగా పరిచి ఆరబెట్టండి.

రోజూ పొడి మాప్ చాలు. తడి కావాలంటే బాగా పిండిన మాప్, నూనె పూతకని అమ్మే సబ్బు వాడండి. ఫినాయిల్, వెనిగర్, స్టీమ్ మాప్ ఈ ఫ్లోర్‌కి శత్రువులు. సూపర్‌మార్కెట్లో దొరికే మెరుపు ద్రవాలు ఇంకా ప్రమాదం, వాటి మీద తర్వాత నూనె పట్టదు.

మన వంటిళ్ల బాధలు వేరే. పసుపు మరక పడితే కంగారుపడి గీకకండి. వెంటనే తుడిచి, ఎండ పడేచోటైతే వదిలేయండి, వెలుతురుకి పసుపు దానంతటదే వెలిసిపోతుంది. ఇనప పెనం మాత్రం తడితో నేల మీద పెట్టకూడదు. ఓక్‌లో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము, నీళ్లు కలిస్తే నల్లటి వలయం చెక్క లోపలికి దిగిపోతుంది. సబ్బుతో పోదు. ఆ పలక మీద పూత గీకేసి, వేడినీళ్లలో కలిపిన ఆక్సాలిక్ యాసిడ్ పూసి, నలుపు విరిగాక మంచినీళ్లతో రెండు మూడుసార్లు తుడవాలి. చేతికి తొడుగులు, ముఖానికి మాస్కు తప్పనిసరి. పూర్తిగా ఆరాక 120 పేపర్‌తో తేలిగ్గా రుద్ది, ఆ ఒక్క పలకకే నూనె పట్టిస్తే సరిపోతుంది. పాలీయురేథేన్‌లో ఇలా ముక్క ముక్కగా బాగుచేసుకోవడం కష్టం, నేను దీన్ని ఎంచుకున్నది అందుకే. పదేళ్ల దాకా ఫ్లోర్ ఊసే ఎత్తకూడదనుకునేవాళ్లకి మాత్రం పాలీయురేథేనే నయం.

సింకు ముందు, గుమ్మం దగ్గర అప్పుడప్పుడు నీటి చుక్క వేసి చూస్తుంటాను. ముత్యంలా నిలబడితే ఫర్వాలేదు. కొన్ని నిమిషాల్లోనే ఇంకి చెక్క ముదురు రంగుకి తిరిగిందంటే, ఆ దారి మేరకు శుభ్రం చేసి ఆరనిచ్చి ఒక పల్చటి కోటు వేయాలి. చెక్క బూడిదరంగుకి తిరిగేదాకా ఆగితే మురికి మీదే నూనె వేసినట్టు అవుతుంది, అప్పుడు గీకక తప్పదు.

ఈ చిన్న పనులకి మిగిలిన నూనె దాచుకోవాలి. సగం ఖాళీ డబ్బాలో గాలి తగిలి మీగడ కడుతుంది, కాబట్టి నిండా పట్టే చిన్న గాజు సీసాలోకి మార్చి మూత బిగించండి. అప్పటికే మీగడ కట్టి ఉంటే దాన్ని కలిపేయకుండా తీసి పారేసి, మిగతాది పల్చటి గుడ్డలో వడకట్టుకుని వాడుకోవచ్చు.