వైన్ చూడమంటే మురుగు చూసొచ్చాను

మొన్న మావారి ఆఫీసు వాళ్లతో కాలిఫోర్నియాలో సొనోమా వైపు ఒక వైనరీకి వెళ్లాం. నేను తాగను. వాళ్లు గ్లాసులు తిప్పి వాసన చూస్తుంటే, "మీ కడుగు నీళ్లు ఎటు పోతాయండీ?" అని అక్కడి ఆయన్ని అడిగాను. పటాన్‌చెరులో ఈటీపీ, అంటే ఫ్యాక్టరీ మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు, నడిపినదాన్ని, ఎక్కడికెళ్లినా కన్ను అటే పోతుంది. ఆయన సంబరపడి వెనక్కి తీసుకెళ్లాడు.

షెడ్డు వెనక కంకర నింపిన పెద్ద మడి, దానినిండా నా కంటే ఎత్తు జమ్ము. వాళ్ల కడుగు నీళ్లు శుద్ధయ్యేది ఇందులోనే. నీళ్లు పైకి కనబడవు, కంకర లోపలే ఈ కొస నుంచి ఆ కొసకి పారతాయి. అందుకే దోమల్లేవు.

వైనరీ నీళ్లు కదా, తేలికే అనుకునేరు. ట్యాంకులు, పీపాలు కడిగిన నీళ్లలో చక్కెర, ఆల్కహాల్, పండ్ల ఆమ్లాలు ఉంటాయి. ఇంటి మురుగులో సీఓడీ (నీళ్లలోని మురికిని విరగ్గొట్టడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందో చెప్పే లెక్క) లీటరుకు వందల మిల్లీగ్రాముల్లో ఉంటే, ఇక్కడ వేలల్లో. పైగా సీజన్ గొడవ. ద్రాక్ష కోతలప్పుడు వరద, ఆ తర్వాత నెలల తరబడి అంతంతమాత్రం. గాలి ఊది బ్యాక్టీరియాని పెంచే మా ఎరేషన్ ట్యాంకుకి ఇలా జరిగితే బ్యాక్టీరియా తిండిలేక చచ్చేది, మళ్లీ పేడనీళ్లు పోసి లేపుకోవాల్సి వచ్చేది. ఇక్కడ తొక్కలు, గింజలు జల్లెడ పట్టి, నీళ్లు ఒక ట్యాంకులో నిలిపి, రోజుకింత అని మడికి వదులుతారు. ఆ జల్లెడ దగ్గర బద్ధకిస్తే కంకర సందులు పూడిపోతాయి, ఇక మడి తవ్వుకోవడమే.

మురికంతా మొక్కలే పీల్చేస్తాయని చెప్పుకుంటారు గానీ, అసలు పని కంకరకి పట్టిన జిగురులోని బ్యాక్టీరియాది. జమ్ము వేళ్లు వాటికి చోటిచ్చి, కాస్త ఆక్సిజన్ అందిస్తాయి. 1950ల్లో జర్మనీలో కాథె జైడెల్ అనే శాస్త్రవేత్త ఇలాంటి నీటిమొక్కలతో ప్రయోగాలు మొదలుపెట్టింది. ఇక్కడి కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్లు 2001లో ప్రచురించిన పైలట్ ప్రయోగంలో వైనరీ నీళ్ల సీఓడీ 90 శాతానికి పైగా తగ్గింది. ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్ల కరెంటు బిల్లు చూసి చూసి అలిసిన నాకు అసూయ పుట్టింది. కాకపోతే దీనికి స్థలం కావాలి, అది వీళ్ల దగ్గర బోలెడుంది.

ఉప్పు మాత్రం ఈ మడికి లొంగదు. కాస్టిక్ సోడాతో ట్యాంకులు కడిగితే ఆ సోడియం అలాగే దాటుకుని, శుద్ధయిన నీళ్లతోపాటు డ్రిప్‌లో ద్రాక్షతోటకే చేరి, నేలని గట్టిపరుస్తుంది. అందుకే పొటాషియం రకానికి మారామన్నాడు. అదీ మరీ ఎక్కువైతే నేలకి మంచిది కాదు కదా అని అడగబోతుంటే మావారి ఫోన్, బిల్లు కట్టేశాం రమ్మని.