పిగిలిపిట్ట వాలిన చెట్టు కింద

మైసూరు నుంచి గుండ్లుపేట దాకా సాగిన ప్రయాణం గురించి చెప్పుకోదగినది ఏమీ లేదు. గుడి ఉన్న హిమవద్ గోపాలస్వామి బెట్ట అనే కొండ మీదికి సొంత వాహనాలను పోనివ్వరు కనుక కారును కొండ కింద నిలిపి, ప్రభుత్వ బస్సు కోసం వరుసలో నిలబడ్డాము. ముందు రాత్రి గదికి పుచ్చుకున్న అద్దె, పొద్దున ఇడ్లీకి కట్టిన ధర తలచుకొని విసుక్కుంటున్న నాకు బందీపూర్ అడవిని తీరిగ్గా చూసే అవకాశం అక్కడే దొరికింది.

రోడ్డు పక్కన చూపు ఆనినంత మేర లాంటానా కంపే, మన వైపు పులికంప అనేదే. దాని మీద నల్లని తురాయి, కంటి వెనుక ఎర్రని మచ్చ ఉన్న పిగిలిపిట్ట ఒకటి వాలింది. పచ్చికాయల జోలికి పోకుండా, గుత్తిలో నల్లగా నిగనిగలాడే పండ్లనే తుంచి మింగి, దగ్గరలోని మోడు మీదికి ఎగిరి, ముక్కును కొమ్మకు రుద్దుకొని, కాసేపటికి ఊదారంగు రెట్ట వేసింది. ఆ మోడు కిందికి చూసి నిర్ఘాంతపోయాను. చుట్టూ గడ్డి ఉన్నది. కొమ్మలు పరచుకొన్నంత మేర మాత్రం జానెడేసి లాంటానా మొక్కలు కిక్కిరిసి ఉన్నాయి.

అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి 19వ శతాబ్దం తొలి ఏళ్లలో బ్రిటిష్‌వారు పూల అందం కోసం తెచ్చిన మొక్క ఇది. గుజ్జు అరిగినా గట్టి గింజ పిట్ట కడుపులో చెడదు, అందువల్ల పిట్ట ఎక్కడ వాలితే అక్కడ విత్తనం పడుతుంది. ఆకులో విషం ఉన్నందున జింకలు, పశువులు దాన్ని ముట్టవు, దాని నీడన గడ్డి బతకదు. నల్లమలలోనూ ఇదే కంపను చూసిన నాకు, గడ్డి కరువైన జింక ఏం తిని బతుకుతుందన్న దిగులు కొండ ఎక్కినంత సేపూ వదలలేదు.

స్వామి దర్శనం త్వరగానే అయింది. దిగేటప్పుడు బస్సులో పక్కన కూర్చున్న స్థానిక రైతును, ఈ కంపను కొట్టించరాదా అని అడిగాను. కొడితే మొదట్లోంచి రెట్టింపు చిగురిస్తుందని ఆయన అన్నాడు. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్.బాబు బృందం చెప్పిన పద్ధతి కూడా కొట్టడం కాదు: నేల లోపల తల్లివేరును నరికి, పొదను ఎత్తి తలకిందులుగా పడవేయాలి; ఆ తరువాత పిట్టలు వాలే పెద్దచెట్ల కిందికి మళ్లీ మళ్లీ వెళ్లి, కొత్తగా మొలిచిన ప్రతి మొక్కనూ పెరికివేయాలి.