ఇయర్ 9 ఆప్షన్స్ ఫారం నింపే ముందు

ఉద్యోగం కోసం దేశం మారిన కుటుంబాన్ని బ్రిటిష్ కరిక్యులం స్కూల్లో మొదట తికమక పెట్టేది క్లాసు నంబరు. ఇయర్ 7 అంటే మన ఆరో తరగతి. ఎక్కడైనా ఒకటి తీసేస్తే లెక్క సరిపోతుంది: ఇయర్ 11 మన పదో తరగతి, ఇయర్ 12, 13 మన ఇంటర్ రెండేళ్లు. ఇంగ్లండ్ పద్ధతిలో ఆగస్టు 31 నాటికి పదకొండేళ్లు నిండిన పిల్లలు సెప్టెంబరులో ఇయర్ 7కి వస్తారు. కాబట్టి స్కూలు ముందుగా చూసేది పుట్టిన తేదీ. పాత స్కూల్లో ఏ క్లాసు చదివారన్నది ఆ తర్వాతి మాట.

ఇయర్ 7 నుంచి 9 వరకు కీ స్టేజ్ 3. పిల్లలు అన్ని సబ్జెక్టులూ చదువుతారు, పబ్లిక్ పరీక్ష ఉండదు. అందుకని చాలా ఇళ్లలో ఈ మూడేళ్లనూ తేలిగ్గా తీసుకుంటారు. అది పొరపాటు. మ్యాథ్స్‌లో పిల్లల్ని స్థాయిని బట్టి సెట్లుగా విడగొట్టేది ఈ దశలోనే. కింది సెట్‌లో కుదురుకున్న పిల్లల్ని తర్వాత పైకి తేవడం కష్టం, ఎందుకంటే రెండు సెట్లకీ చెప్పే పాఠాలే వేరుగా ఉంటాయి. కొన్ని స్కూళ్లు కీ స్టేజ్ 3ని రెండేళ్లకు కుదించి ఇయర్ 9లోనే ఐజీసీఎస్ఈ (మన పదో తరగతి పబ్లిక్ పరీక్ష లాంటిది) చదువు మొదలుపెడతాయి. అలాంటి చోట సబ్జెక్టులు ఎంచుకునే ఆప్షన్స్ ఫారం ఇయర్ 8లోనే చేతికొస్తుంది. చేరేటప్పుడే ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి.

ఆప్షన్స్ అంటే ఇయర్ 10, 11ల్లో రాసే ఐజీసీఎస్ఈలకు సబ్జెక్టులు ఎంచుకోవడం. మ్యాథ్స్, ఇంగ్లిష్, ఏదో ఒక రూపంలో సైన్స్ తప్పనిసరి. వాటి పైన మూడో నాలుగో ఎంచుకోమంటారు. మొత్తం ఎనిమిది నుంచి పది సబ్జెక్టులవుతాయి. ఫారంలో సబ్జెక్టులు బ్లాకులుగా ఉంటాయి, ఒక్కో బ్లాకులో ఒకటే తీసుకోవాలి. హిస్టరీ, కంప్యూటర్ సైన్స్ ఒకే బ్లాకులో పడితే రెండూ కుదరవు. ఫారం ఇచ్చేశాక అడిగితే టైంటేబుల్ ఖరారైపోయిందంటారు, ముందే అడిగితే ఒక్కోసారి బ్లాకులు మారుస్తారు. స్థానిక చట్టం అడిగే సబ్జెక్టులూ ఉంటాయి. ఉదాహరణకు యూఏఈలో అరబ్బులు కాని పిల్లలకూ ఇయర్ 10 దాకా అరబిక్ తప్పదు.

ఫారంలో ఏ సబ్జెక్టుకు టిక్కు పెట్టారన్నదాని కంటే ఆ సబ్జెక్టును ఏ స్థాయిలో చదివిస్తారన్నది పెద్ద విషయం. కేంబ్రిడ్జ్ పరీక్షల బోర్డు మ్యాథ్స్‌లో కోర్, ఎక్స్‌టెండెడ్ అని రెండు దారులు. కోర్ రాసినవాళ్లకు పేపరంతా కరెక్టుగా చేసినా సీ గ్రేడ్ మించి రాదు. పియర్సన్ ఎడెక్సెల్ అనే మరో బోర్డులో ఇదే ఫౌండేషన్, హయ్యర్. 9 నుంచి 1 దాకా ఉండే గ్రేడ్లలో ఫౌండేషన్‌కు 5తో ఆగిపోతుంది. ఇయర్ 12, 13ల్లో చదివే ఏ లెవెల్ (A Level) మ్యాథ్స్‌కు స్కూళ్లు మామూలుగా అంతకంటే మంచి గ్రేడు అడుగుతాయి. అంటే పద్నాలుగేళ్లకే ఇంజినీరింగ్ తలుపు మూసుకుపోయిందన్నమాట. అది ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు కూడా. రిపోర్టులో 'మంచి ప్రగతి' అని రాసి ఉంటే సరిపెట్టుకోకుండా, ఏ పేపరుకు ఎంట్రీ వేస్తున్నారో టీచరును అడగాలి. 2025 నుంచి కేంబ్రిడ్జ్ మ్యాథ్స్‌లో ఒక పేపరు క్యాలిక్యులేటర్ లేకుండా రాయాలి. భిన్నాలూ ఘాతాంకాలూ చేత్తో చేసే అలవాటు తప్పిన పిల్లలు అక్కడ మార్కులు పోగొట్టుకుంటారు.

సైన్సులో మూడు రకాలు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ విడివిడిగా మూడు గ్రేడ్లు. మూడూ కలిపి చదివి రెండు గ్రేడ్లు తెచ్చుకునే కోఆర్డినేటెడ్ సైన్స్. ఒక్క గ్రేడే వచ్చే కంబైన్డ్ సైన్స్. మెడిసిన్, ఇంజినీరింగ్ వైపు చూసేవాళ్లకు మొదటిది మేలు. రెండోదానితోనూ నడుస్తుంది, కాకపోతే ఇయర్ 12 మొదటి టర్మ్‌లో కొన్ని అధ్యాయాలు సొంతంగా పూర్తి చేసుకోవాలి. మూడోదాని మీద ఏ లెవెల్ సైన్స్ కట్టడం పునాది లేని గోడ లేపడమే. ఇంగ్లిష్ విషయంలో మన ఇళ్లలో ఇంకో పొరపాటు జరుగుతుంది: ఇంట్లో మాట్లాడేది తెలుగు కనక సెకండ్ లాంగ్వేజ్ పేపరు చాలనుకుంటారు. బ్రిటన్ యూనివర్సిటీలు కొన్ని దాన్ని సరిపోదని మళ్లీ ఐఈఎల్‌టీఎస్ అడుగుతాయి. ఇన్నేళ్లూ ఇంగ్లిష్‌లో చదివిన పిల్లలు ఫస్ట్ లాంగ్వేజ్ రాయగలరు, రాయించాలి.

ఇయర్ 12, 13 సిక్స్త్ ఫామ్. ఏ లెవెల్స్ సాధారణంగా మూడు. నాలుగుతో మొదలుపెట్టి ఒకటి మొదటి ఏడాది స్థాయి అయిన ఏఎస్ దగ్గర ఆపడం కూడా మంచి పద్ధతే. బ్రిటన్‌లో మెడిసిన్‌కు ఎక్కువచోట్ల కెమిస్ట్రీ కావాలి, చాలాచోట్ల బయాలజీ కూడా. ఇంజినీరింగ్‌కు మ్యాథ్స్, ఫిజిక్స్. కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి చాలా యూనివర్సిటీలు చూసేది మ్యాథ్స్; ఏ లెవెల్ కంప్యూటర్ సైన్స్ లేకపోయినా తీసుకుంటాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, మెడిసిన్ దరఖాస్తులకు యూకాస్ (బ్రిటన్ యూనివర్సిటీలకు దరఖాస్తులు తీసుకునే సంస్థ) గడువు అక్టోబరు 15. అంటే ఇయర్ 13 మొదలైన ఆరేడు వారాలకే. అప్పటికి చేతిలో ఉండేవి ఐజీసీఎస్ఈ గ్రేడ్లు, టీచర్లు ఇచ్చే ప్రిడిక్టెడ్ గ్రేడ్లు. ఆ ప్రిడిక్షన్ ఇయర్ 12 చివరి పరీక్షల మీద ఆధారపడుతుంది కాబట్టి ఆ ఏడాది 'సెటిల్ కావడానికి' ఇచ్చే ఏడాది కాదు.

డిగ్రీకి ఇండియా వెళ్లే ఉద్దేశం ఉంటే ఈ లెక్క మారుతుంది. బ్రిటిష్ పద్ధతిలో ఇయర్ 11తో ఇంగ్లిష్ వదిలేయవచ్చు. కానీ నీట్ రాసి ఎంబీబీఎస్ చేరడానికి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో పాటు ఇంగ్లిష్ కూడా పదకొండు, పన్నెండు తరగతుల స్థాయిలో చదివి ఉండాలి. అందుకని ఏఎస్‌లో ఇంగ్లిష్ చేర్చుకోవాలి. జేఈఈ వైపు ఐదు సబ్జెక్టులు అడుగుతారు, మూడు ఏ లెవెల్స్‌తో ఆగినవాళ్లు అక్కడ ఇబ్బంది పడతారు. ఇవన్నీ ఇయర్ 12 మొదట్లో తేల్చుకోవాలి. ఇయర్ 13లో గుర్తొస్తే అప్పటికప్పుడు ప్రైవేటు అభ్యర్థిగా రాయించే సెంటరు కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

కాంట్రాక్టు అయిపోయి మధ్యలో ఊరు మారడమే అన్నిటికంటే ప్రమాదం. ఇయర్ 10 మొదట్లో, ఇయర్ 12 మొదట్లో మారితే నష్టం తక్కువ. ఇయర్ 11లో చాలా స్కూళ్లు చేర్చుకోవు, అందులో వాళ్ల తప్పేం లేదు. ఒకే సబ్జెక్టు పేరున్నా బోర్డు మారితే ఇంగ్లిష్ లిటరేచర్ పుస్తకాలు, హిస్టరీ టాపిక్‌లు, ప్రాక్టికల్ పద్ధతి మారిపోతాయి. ఏ లెవెల్లో ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. కేంబ్రిడ్జ్ ఏఎస్ మార్కులు 13 నెలల్లోపు పూర్తి ఏ లెవెల్‌కు కలుపుకోవచ్చు, కానీ కొత్త స్కూల్లోనూ అదే బోర్డు, అదే సిలబస్ ఉండాలి. ఎడెక్సెల్ ఇంటర్నేషనల్ ఏ లెవెల్ యూనిట్లుగా ఉంటుంది, పూర్తయిన యూనిట్ల మార్కులు నిలుస్తాయి. తరచూ మారే ఉద్యోగాలున్న ఇంటికి ఈ రెండో పద్ధతి అనుకూలం.

మారక తప్పదని తెలిసిన రోజే పాత స్కూలు పరీక్షల ఆఫీసు నుంచి ఒక్కో సబ్జెక్టు బోర్డు పేరు, సిలబస్ కోడ్, ఏ అధ్యాయాలు అయ్యాయో, ఏ కోర్స్‌వర్క్ ఇచ్చారో రాయించుకోవాలి. క్యాండిడేట్ నంబరు, ఇప్పటిదాకా వచ్చిన స్టేట్‌మెంట్ ఆఫ్ రిజల్ట్స్, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నాకే వీసా రద్దు పనులు మొదలుపెట్టాలి. దేశం దాటాక అవి తెప్పించుకోవడం నెలల పని.